స్కోరు పుస్తకం వాడి చేతిలోంచి తీసుకోండి: వైకల్యం ఉన్న పిల్లల్ని ఆటలో కలుపుకోవడం ఎలా?

ఒడిశా బరంపురంలో మా పేట మైదానానికి ఆదివారం పొద్దున్నే ఓ ఇరవై మంది పిల్లలు వస్తారు. సగం మందివి తెలుగిళ్ళు, సగం మందివి ఒడియా ఇళ్ళు. వాళ్ళలో ఒక కుర్రాడికి సెరిబ్రల్ పాల్సీ. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ బిగుసుకుపోయి ఉంటాయి. వాణ్ణి బాగా చూసుకుంటున్నాననే అనుకునేవాణ్ణి. నీడలో కుర్చీ వేసి, స్కోరు పుస్తకం చేతికిచ్చి, అందరికంటే ముందు వాడికే బిస్కెట్టు ఇచ్చేవాణ్ణి. రెండేళ్ళు రాశాడు. ఒకరోజు గేటు దగ్గరే ఆగిపోయి, "మాస్టారూ, ఈవేళ కూడా పుస్తకమేనా?" అన్నాడు. "మరి?" అన్నాను. వాడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రప్పించుకోవడానికి నాలుగు వారాలు పట్టింది. వాళ్ళమ్మ చేత చీవాట్లు కూడా పడ్డాయి.

ఈ కింద రాసినదంతా ఆ తర్వాత నేర్చుకున్నది, చాలావరకు తప్పులు చేసి నేర్చుకున్నది. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు బడుల్లో ఆటల మాస్టార్లకీ, ఊళ్ళో క్లబ్బు పెట్టి పిల్లల్ని ఆడించే కుర్రాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను. దీనికి స్టేడియం అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. వారానికి రెండు గంటల తీరిక, కాస్త తాడు, కాస్త సుద్ద చాలు. తెలియనిది సిగ్గుపడకుండా అడగాలి, అంతే.

1. ముందు పిల్లవాణ్ణే అడగండి

మొదటి రోజు పిల్లవాడి వెంట అమ్మో తాతో వస్తారు. మనం వాళ్ళ వైపు తిరిగి "వీడికి ఏమైందమ్మా?" అంటాం. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిల్లవాడు వింటున్న ప్రశ్న అది. దాన్ని పక్కన పెట్టి, వాడి ఎత్తుకి కూర్చుని ఇవి అడగండి: ఏ ఆట ఇష్టం? ఇంటి దగ్గర ఏం ఆడతావు? ఏం చేస్తే నొప్పి పుడుతుంది? నీకు సాయం కావాలంటే నాకెలా తెలుస్తుంది? మాట రాని పిల్లలైతే బంతి, తాడు, రింగు ముందు పెట్టి ఏది పట్టుకుంటారో చూడండి. అదే జవాబు.

ఆ తర్వాత అమ్మతో విడిగా మాట్లాడండి. ఫిట్స్ వస్తాయా, చివరిసారి ఎప్పుడొచ్చాయి, ఏ మందు ఏ పూట వేస్తున్నారు, గుండె జబ్బేమైనా ఉందా, బాత్రూముకి సాయం కావాలా, ఆ సాయం ఎవరు చేస్తారు. ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఎలా వస్తారు, ఎలా వెళ్తారు అన్నది కూడా తప్పకుండా అడగండి. మా దగ్గర మానేసిన పిల్లల్లో ఎక్కువమంది ఆట నచ్చక మానలేదు, తీసుకొచ్చే మనిషి లేక మానారు. అదే దారిలో బండి మీద వచ్చే ఇంకో పిల్లవాడి నాన్నని ఒప్పిస్తే ఆ చిక్కు తీరిపోతుంది.

అక్కో చెల్లో వెంట వస్తే ఆ పిల్లని ఆయాని చేయకండి. ఆ పిల్లకీ ఆడాలని ఉంటుంది.

ఇక పేర్ల సంగతి. వీధిలో ఈ పిల్లలకి పేర్లుండవు, కుంటోడు, మూగది, పిచ్చోడు అనే పిలుస్తారు. ఆ మాట తప్పని నేను ఉపన్యాసాలిచ్చి చూశాను, ఎవడూ వినలేదు. చివరికి ఆ మాట ఎవరి నోట వస్తే వాళ్ళ జట్టుకి ఒక పరుగు కోత అన్నాను. రెండు ఆదివారాల్లో ఆగిపోయింది. దివ్యాంగులనాలా, వికలాంగులనాలా అని పెద్దవాళ్ళు వాదించుకుంటూ ఉంటారు. ఈ పిల్లలు మాత్రం పేరు పెట్టి పిలిస్తే చాలంటారు.

2. ఒక పనికి ఒకే మాట

ఇది మన సరిహద్దు ఊళ్ళ చిక్కు. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ వింటారు. చాలామంది మూడింటి మధ్యా హాయిగా తిరిగేస్తారు. కానీ మేధోవైకల్యం ఉన్న పిల్లలకి "పరుగెత్తు", "దౌడ", "రన్" అన్నవి మూడు వేరువేరు పనుల్లా వినబడవచ్చు. నేనేమో ఊపులో మూడూ కలిపి అరిచేవాణ్ణి. ఒక అమ్మాయి ప్రతిసారీ ఆగిపోయి నా మొహం చూసేది. మొండితనం అనుకున్నాను. నా మూడు మాటల్లో ఏది వినాలో పాపం తేల్చుకుంటోంది.

అందుకని ఒక్కో పనికి ఒక్కో మాట ఖాయం చేయండి. తెలుగే కావాలనేమీ లేదు. ఆ అమ్మాయికి ఆట మాటలన్నీ బడిలో వచ్చినవే కాబట్టి పరుగుకి "దౌడ" పెట్టుకున్నాం. నిలబడడానికి మాత్రం వాళ్ళమ్మ రోడ్డు దాటేటప్పుడు వాడే "ఆగు". మాటతో పాటు ఒక చేతి సైగ కూడా ఉండాలి, అదీ ఎప్పుడూ ఒకటే. అయిదారు మాటలకి మించకండి. గోడ మీద రాసి పెట్టి, మీరు రాని రోజు ఆడించేవాళ్ళ చేత కూడా అవే పలికించండి.

వినబడని పిల్లల దగ్గర ఎండ మీ మొహం మీద పడేలా నిలబడండి. సూర్యుడు మీ వెనక ఉంటే వాళ్ళకి మీ పెదాలు నల్లటి నీడగా తప్ప కనబడవు. అటు తిరిగి మాట్లాడకండి. ఈల బదులు ఎర్ర గమ్‌ఛా పైకెత్తండి, పందెం మొదలెట్టడానికి జెండా దించండి. ఇక ఖోఖో చూడండి, వీపు మీద చెయ్యి వేసి లేపడం ఆ ఆటలో ఎలాగూ ఉంది. "ఖో" వినబడకపోయినా తాకుడు తెలుస్తుంది, కాబట్టి మార్చాల్సింది అంపైర్ ఈల ఒక్కటే. ఆ పిల్లలు ఇంట్లో వాడే సైగలు మీరు నేర్చుకోండి. అందరికీ సైగ పేర్లు పెట్టే పని వాళ్ళకే అప్పగించండి. నాకు పెట్టిన పేరు రెండు చేతులతో బొజ్జ చూపించడం. సరే, ఉన్నదే కదా.

చూపు లేని పిల్లల దగ్గర "ఇటు", "అక్కడ", "అలా కాదు, ఇలా" అన్న మాటలు మానేయండి. "నీ కుడి చేతి వైపు మూడడుగులు" అనండి. మాట్లాడే ముందు వాడి పేరు, పక్కనుంచి వెళ్ళిపోయే ముందు "వెళ్తున్నాను" అన్న మాట. ఈ రెండూ అలవాటు కావడానికి నాకు నెల పట్టింది.

3. మైదానం

వీల్‌చైర్ గేటు దాటుతుందో లేదో మీరే తోసి చూడండి. మరుగుదొడ్డి ఎంత దూరం, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, నీడ ఎక్కడుంది, గోతులెక్కడున్నాయి, ఇవి ముందురోజే చూసుకోవాలి. మార్చి దాటాక మనవైపు ఉక్కపోత తెలిసిందే, ఎనిమిదిన్నరకల్లా ముగించండి. రెండేళ్ళకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్ర నెలలో మైకుల హోరుకి, చూపు లేని పిల్లలు ఆడే గజ్జెల బంతి చప్పుడు వినబడదు, ఆటిజం ఉన్న పిల్లలు చెవులు మూసుకుని కూర్చుండిపోతారు. ఆ నెల మేం ఊరి బయట తోటలోకి మారిపోతాం.

4. ఆటనే మార్చండి

అసలు పని ఇక్కడుంది. ఆటలో మార్చగలిగినవి నాలుగు: చోటు, చేయాల్సిన పని, సామాను, మనుషులు. కోచింగ్ పాఠాల్లో దీన్ని స్టెప్ పద్ధతి అంటారు. చెప్పడం తేలికే, కానీ ఏది ఎంత మార్చాలన్న దగ్గర అందరం తప్పుతాం. అందుకని మా స్కోరు కుర్రాడి క్రికెట్టే చెబుతాను.

వాడు కుడి చేత్తో బ్యాటు బాగానే ఊపుతాడు, పరుగు దగ్గరే కష్టం. మొదట రన్నర్‌ని పెట్టాను. "నేను కొడితే వాడు పరుగెత్తుతున్నాడు, మరి పరుగు ఎవరిది?" అన్నాడు. నిజమే కదా. తర్వాత వారం, వాడికి అవుట్ లేదన్నాను. బౌలింగ్ చేసేవాళ్ళు జాలి బంతులు వేయడం మొదలెట్టారు, పిల్లికి పాలు పోసినట్టు మెల్లగా. నాలుగో బంతికి వాడే బ్యాటు పడేశాడు. అవుట్ కాని బ్యాట్స్‌మన్‌ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టినట్టే అయింది, ఈసారి పిచ్ మధ్యలో.

మూడో వారం సుద్దముక్క పిల్లల చేతికే ఇచ్చేశాను. "వీడికి పరుగు గీత ఎక్కడ పెడతారో మీ ఇష్టం. కానీ అవుటయ్యే అవకాశం సగం, కాకపోయే అవకాశం సగం ఉండాలి." అరగంట కొట్టుకున్నారు. వాణ్ణి పరుగెత్తించి చూశారు, బంతి విసిరి చూశారు, గీత చెరిపారు, మళ్ళీ గీశారు. చివరికి తొమ్మిది అడుగుల దగ్గర కుదిరింది. మూడో బంతికే వాడు రనౌట్. "కాదు, నా బ్యాటు ముందే తాకింది" అని పది నిమిషాలు గొడవ పెట్టుకున్నాడు. అంపైర్ని నేనే. అవుటిచ్చాను. ఆ మధ్యాహ్నం వాళ్ళమ్మ ఫోన్ చేసి, "ఏం చేశారు బాబూ, అన్నం తినకుండా మిమ్మల్నే తిడుతున్నాడు" అంది.

మార్పు సరిగ్గా ఉందో లేదో నేను అక్కడే పోల్చుకుంటాను. పిల్లవాడికి గెలిచే వీలూ ఓడే వీలూ రెండూ ఉండాలి. ఏదో ఒకటి లేకపోతే గీత జరపండి. పిల్లవాడు ఎదిగేకొద్దీ గీత వెనక్కి జరుగుతుంది కూడా. మావాడిది ఇప్పుడు పన్నెండు అడుగులు.

అన్ని రోజులూ అందరూ ఒకే ఆట ఆడాలన్న పట్టుదల వద్దు. కొన్ని రోజులు మామూలు ఆటనే కాస్త మార్చి ఆడించండి. ఇంకొన్ని రోజులు ఈ పిల్లల కోసమే పుట్టిన ఆటలోకి మిగతావాళ్ళని దింపండి. ఉదాహరణకి నేల మీద కూర్చుని ఆడే సిట్టింగ్ వాలీబాల్. కోర్టు 10 మీటర్లు, 6 మీటర్లు. నెట్టు ఎత్తు మగవాళ్ళకి 1.15 మీటర్లు, ఆడవాళ్ళకి 1.05. బంతి కొట్టేటప్పుడు పిరుదులు నేల మీంచి లేవకూడదు. ఫంక్షన్ హాలు గచ్చు మీద రెండు కుర్చీల మధ్య తాడు కట్టి, దాని మీద పాత చీర వేస్తే నెట్టు తయారు. రోజూ చేతుల మీద జరుగుతూ తిరిగే పిల్లలు అక్కడ చురుగ్గా ఉంటారు, కాళ్ళున్న వీరులు బోర్లా పడతారు. మా జట్టు కెప్టెన్ మొదటి సెట్టులో ఒక్క పాయింటు కూడా చేయలేదు. వాడు ఆ రోజు నేర్చుకున్నంత నేను రెండేళ్ళు చెప్పినా నేర్చుకోలేదు.

చూపు లేని పిల్లల క్రికెట్ కూడా అంతే. బంతిలో మోగే గుళ్ళుంటాయి. బౌలర్ ముందు "రెడీ?" అని అడిగి, అటునుంచి జవాబు వచ్చాక "ప్లే" అని నేల మీదుగా వేస్తాడు. పిచ్ సగం దాటక ముందే బంతి నేలను తాకాలి. పదకొండు మందిలో కనీసం నలుగురు బొత్తిగా చూపు లేని బీ1 వాళ్ళుండాలి, వాళ్ళు చేసిన పరుగులకి రెట్టింపు లెక్క. "మా పిల్లకి క్రికెట్ ఏమిటి బాబూ" అనే నాన్నలకి నేను 2025 నవంబరు సంగతి చెబుతాను. మొట్టమొదటి మహిళా అంధుల టీ20 ప్రపంచకప్‌ని కొలంబో ఫైనల్లో నేపాల్ మీద గెలిచింది మన దేశమే. ఆ జట్టులో ఒడిశా అమ్మాయి ఫూలా సరేన్ ఉంది.

5. సామాను ఇంట్లోనే ఉంది

గజ్జెల బంతి: గట్టి ప్లాస్టిక్ బంతికి వేడి చాకుతో చిన్న గాటు పెట్టి, సైకిల్ బేరింగుల్లో వేసే ఇనుప గుళ్ళు పది లోపలికి వేసి, సొల్యూషన్‌తో ట్యూబు ముక్క అతికించండి. పంక్చరు షాపతను పది నిమిషాల్లో చేసిస్తాడు. అంత తీరిక లేదంటే ఫుట్‌బాల్‌ని పలచటి క్యారీబ్యాగులో పెట్టి ముడి వేయండి, గరగర మంటూ దొర్లుతుంది. బంతి ఆగిపోతే చప్పుడుండదు కాబట్టి అప్పుడు పక్కవాడు చెప్పాలి.

చేతులు అదుపులో ఉండని పిల్లలకి బొచ్చా ఆట మంచిది. గోళీలాట లాంటిదే. ముందు తెల్ల బంతి వేస్తారు, దానికి దగ్గరగా ఎవరి బంతి ఆగితే వాళ్ళకి పాయింటు. ఎర్రవి ఆరు, నీలివి ఆరు. అసలు బంతి 275 గ్రాములుంటుంది. మేం పాత యూనిఫాం గుడ్డతో సంచులు కుట్టి, చింతపిక్కలు పోసి, కిరాణా కొట్టు కాటాలో తూచాం. చింతపిక్కల సంచి విసరడానికి బాగుంటుంది కానీ దొర్లదు. విసరలేని అమ్మాయికి ప్లంబర్ పైపుని నిలువునా కోయించి జారుడు బల్లలా పెట్టాం, దానికి మాత్రం మెత్తటి రబ్బరు బంతి. ఆ ఆటలో ఒక గట్టి నియమం ఉంది. పైపు పట్టుకునే సహాయకుడు కోర్టు వైపు చూడకూడదు, వీపు తిప్పి కూర్చోవాలి. పైపు ఎటు జరపాలో ఆటగత్తె చెప్పాలి, వాడు జరపాలి. మా పిల్ల వాళ్ళన్నయ్య ఊరుకోలేక తిరిగి తిరిగి చూసేవాడు, "ఇంకొంచెం కుడికి పెట్టనా?" అని. ఆ పిల్ల గట్టిగా "నువ్వు తిరక్కు" అంది. ఇంట్లో ఏ బట్ట కట్టుకోవాలో కూడా వాళ్ళే చెప్పే పిల్ల అది.

కోర్టు గీతలు కాళ్ళకీ చేతులకీ తెలియాలంటే సన్నతాడు పరిచి పైన టేపు అతికించండి, చూపు లేనివాళ్ళు ఆడే గోల్‌బాల్ కోర్టులో చేసేది అదే. తాడు కోసం గోపాల్‌పూర్ ఒడ్డుకి వెళ్ళండి. ఒడియావాళ్ళు నోలియాలనే ఆ చేపలవాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎందుకో చెప్పి అడిగితే చిరిగిన వలల తాడు ఊరికే ఇచ్చారు.

మన బరంపురంలో ఇంకో ఆస్తి కూడా ఉంది, వ్యాయామశాలలు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం గెలిచిన కటులు రవికుమార్ ఈ ఊరివాడే. పారా పవర్‌లిఫ్టింగ్ అంటే బెంచి మీద పడుకుని ఛాతీ మీంచి బరువెత్తడం, బెంచి ప్రెస్ అన్నమాట. కాళ్ళని బెంచికి బెల్టుతో కట్టుకోవచ్చు. అంటే కాళ్ళలో బలం లేని కుర్రాడికి కావాల్సిన సామాను మన ఊళ్ళో చాలాచోట్ల ముందే ఉంది, లేనిది గుమ్మం దగ్గర వాలు బల్ల మాత్రమే. చిన్నపిల్లలకి ఉత్త కడ్డీ చాలు, పక్కన పట్టుకునే మనిషి లేకుండా అది కూడా వద్దు.

6. చూపు లేని పిల్లలతో పరుగు

మెత్తటి నూలు తాడుకి రెండు వైపులా ముడి వేసి ఒకటి పిల్లవాడి చేతికి, ఒకటి గైడు చేతికి ఇవ్వండి. సాగే ఎలాస్టిక్ పనికిరాదు, పోటీ నియమాల్లోనూ ఒప్పుకోరు. మొదటి వారం నడక. లోపలి చేతులు రెండూ కలిసి ఊగాలి, లోపలి కాళ్ళు కలిసి పడాలి, అద్దంలో బొమ్మలాగా. అది కుదిరాక నెమ్మది పరుగు, ఆ పైన వేగం.

గైడు లాగకూడదు, తోయకూడదు. ముగింపు గీత పిల్లవాడే ముందు దాటాలి, గైడు ముందు దాటితే ఆ పరుగు చెల్లదు. గైడు వాడికంటే వేగంగా పరుగెత్తగలిగినవాడై ఉండాలి. ఎందుకంటే పరుగెడుతూనే మాట్లాడాలి: "పది అడుగుల్లో వంపు... వంపు... అయిపోయింది, తిన్నగా." రొప్పేవాడికి మాట రాదు. పారాలింపిక్స్‌లో గైడుకీ పతకం వేస్తారని చెబితే మా కుర్రాళ్ళు నేనంటే నేనని ముందుకొచ్చారు.

ఎవర్నైనా గైడు చేసే ముందు ఒక్కసారి ఆ కుర్రాడికి గంతలు కట్టి, మీరు తోడుగా పరుగెత్తించండి. నేనూ కట్టించుకున్నాను. మైదానంలో అడుగడుగూ తెలిసిన చోటే, అయినా నాలుగో అడుగుకే కాళ్ళు నిలబడిపోయాయి. నా చెయ్యి పట్టుకున్నది పదమూడేళ్ళ పిల్లవాడు. "సార్, గొయ్యి లేదు, నేను చూస్తున్నాను కదా" అన్నాడు. ఆ మాట మీద నమ్మకం కుదరడానికి మూడు రౌండ్లు పట్టింది. చూపు లేకపోవడం అంటే ఏమిటో దీంతో తెలిసిపోదు, మనం గంతలు విప్పేస్తాం కదా. గైడు మాట ఎంత తొందరగా రావాలో మాత్రం తెలుస్తుంది.

7. ఒంటి జాగ్రత్తలు

సికిల్ సెల్ గురించి ముందు చెబుతాను. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు అది. మన జిల్లాల్లో చాలామందికి ఉంది, పైకి కనబడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దాన్ని వైకల్యంగా లెక్కించారని చాలామందికి తెలియదు. ఆ జబ్బున్న పిల్లల ఒంట్లో నీరు తగ్గినా, చలిగాలి తగిలినా, శక్తికి మించి పరుగెత్తినా భరించలేని నొప్పులు వస్తాయి. బద్ధకం అనుకుని మనం ఇంకో రౌండు పరుగెత్తిస్తాం. అలా చేయకండి. పదిహేను నిమిషాలకోసారి నీళ్ళు తాగించండి. వెంట వెంటనే స్ప్రింట్లు వద్దు, వానలో తడవనివ్వొద్దు, నొప్పంటే ఆ క్షణమే ఆపండి. జ్వరం గానీ ఛాతీలో నొప్పి గానీ ఉంటే నేరుగా ఆసుపత్రికే. 2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ నిర్మూలన జాతీయ మిషన్ కింద రక్తపరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు, చేయించమని ఇళ్ళలో చెప్పండి. పరుగుని శిక్షగా వేయడం అనే పాత అలవాటు ఎవరి మీదైనా సరే మానుకోవాలి.

ఫిట్స్ వస్తే చుట్టూ ఉన్నవాళ్ళు తాళాల గుత్తి చేతిలో పెడతారు, నోట్లో చెంచా దూరుస్తారు. రెండూ వద్దు, తాళాల వల్ల ఏమీ కాదు, చెంచా వల్ల పళ్ళు విరుగుతాయి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, కదలికలు తగ్గగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, వెంటనే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు పట్టకండి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. డాక్టరు చూసి సరేననేదాకా పల్టీలు, తలతో బంతి కొట్టడం వద్దు. మెడ నొప్పన్నా, నడక తేడాగా ఉన్నా ఆట ఆపేయండి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకి దెబ్బ కింది భాగంలో చెమట పట్టదు, ఒళ్ళు తొందరగా వేడెక్కిపోతుంది. తడిగుడ్డ, నీళ్ళ స్ప్రే పక్కనే ఉంచండి. కూర్చునే చోట పుండ్లు పడుతున్నాయేమో ఇంట్లో రోజూ చూడమని చెప్పండి, వాళ్ళకి నొప్పి తెలియదు.

8. తాకే ముందు

భంగిమ సరిచేయడానికి చెయ్యి పట్టుకోవాలంటే అడిగి పట్టుకోండి. మాట రాని పిల్లలైతే మీ చెయ్యి ముందు చూపించి, వాళ్ళు ఒప్పుకున్నాకే. వీల్‌చైర్ కూడా ఒంట్లో భాగమే, వెనకనుంచి చెప్పకుండా తోయడం అంటే మనిషిని తోయడమే. బట్టలు మార్చడం, బాత్రూం సాయం అమ్మానాన్నలు చెప్పిన మనిషే చేయాలి, ఇంకో పెద్దమనిషి పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. మీరు ఎంత మంచివారైనా సరే ఇది పాటించండి. ఏ పిల్లైనా ఒక మనిషిని చూసి బిగుసుకుపోతే తేలిగ్గా తీసుకోకండి. పిల్లల సాయానికి 1098 నంబరుంది.

9. కాగితాలు

యూడీఐడీ కార్డుకి, అంటే వైకల్యం ఉన్నవాళ్ళకి ఇచ్చే గుర్తింపు కార్డుకి, స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, ఆ తర్వాత ఆసుపత్రిలో పరీక్ష ఉంటుంది. అమ్మగారి ఊరు ఆంధ్రాలోని ఇచ్ఛాపురం, నాన్నగారిది బరంపురం అయిన ఇళ్ళలో ఎప్పుడూ ఒకటే అనుమానం, ఇటు సర్టిఫికెట్ అటు చెల్లుతుందా అని. 2016 చట్టం 58వ సెక్షన్ ప్రకారం అది దేశమంతా చెల్లుతుంది. పింఛన్లు మాత్రం ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివే. బడిలో "మా దగ్గర ఇలాంటివాళ్ళని ఆడించం" అంటే అదే చట్టం 30వ సెక్షన్ చూపించండి. ఆటల్లో వీళ్ళకి చోటు కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని అందులో ఉంది. గొడవ పడనక్కర్లేదు, కాగితం చూపిస్తే చాలాసార్లు పని జరుగుతుంది.

సర్టిఫికెట్‌లో శాతం వేరు, పోటీల్లో వర్గీకరణ వేరు. ఇది ముందే చెప్పకపోతే తర్వాత ఏడుపులవుతాయి. పారా అథ్లెటిక్స్‌లో టీ అంటే పరుగు, గెంతుడు పోటీలు, ఎఫ్ అంటే విసిరేవి. ఆ అక్షరం పక్కన వచ్చే అంకెల్లో 11 నుంచి 13 దాకా చూపు, 20 మేధోవైకల్యం, 30లలో సెరిబ్రల్ పాల్సీ వంటివి, 40లలో పొట్టితనం, కాళ్ళూ చేతుల లోపాలు, 50లలో కూర్చుని ఆడేవి, 60లలో కృత్రిమ కాలు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది ఈ టీ20 వర్గంలోనే. వినికిడి లోపం ఒక్కటే ఉంటే పారాలింపిక్స్‌లో చోటు లేదు. వాళ్ళకి డెఫ్లింపిక్స్ వేరుగా ఉంది, బాగా వినే చెవిలో కూడా కనీసం 55 డెసిబెల్స్ లోపం ఉండాలి, పోటీలో వినికిడి యంత్రం తీసేయాలి. సికిల్ సెల్ చట్టం జాబితాలో ఉంది కానీ పారాలింపిక్స్ వర్గాల్లో లేదు. పతకం ఆశ చూపించి పిల్లల్ని రప్పించకండి. మా ఇరవై మందిలో పోటీలకి వెళ్ళేది ఒకరో ఇద్దరో, మిగతావాళ్ళు ఆదివారం కోసం వస్తారు.

10. మొదటి ఆదివారం

ముప్పావు గంట చాలు. పది నిమిషాలు పేర్లు, సైగలు. పది నిమిషాలు అందరూ కూర్చుని బంతి దొర్లించే ఆట. పదిహేను నిమిషాలు ఒక్కటే ఆట, ఒక్కటే మార్పుతో. ఒకేసారి నాలుగూ మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. మిగిలిన పది నిమిషాలు గుండ్రంగా కూర్చుని "ఏది బాగా లేదు?" అని అడగండి. "బాగుందా?" అంటే అందరూ బాగుందనే అంటారు. జవాబులు నోటు పుస్తకంలో రాసి, వచ్చే వారం మార్చాల్సినదాని కింద గీత పెట్టండి.

స్కోరు రాసే పని వంతులేసుకోండి. మా కుర్రాడి వంతు ఇరవై వారాలకోసారి వస్తుంది. ఆ రోజు వాడు కడుపు నొప్పంటాడు.